పీఈ సివిల్ స్ట్రక్చరల్: ఏ పుస్తకాలు కొనాలి, ఏవి వదిలేయాలి?

బండలమిద్దె (కడప)
ఆదివారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. మాది కడప, ఎర్రముక్కపల్లె. టెక్సస్‌లో ఎంఎస్ చేస్తున్నప్పుడే అమెరికా ఇంజనీరు లైసెన్సుకు మొదటి మెట్టయిన ఎఫ్‌ఈ పరీక్ష పాసయ్యాను. నాన్న ఆరోగ్యం బాగాలేక మూడేళ్ల కిందట ఇంటికొచ్చేశాను. ఇప్పుడు ఇంట్లో కూర్చునే అమెరికా భవనాల డిజైన్ పని చేస్తున్నా. నవంబరులో డాలస్‌లో అన్న దగ్గరికి వెళ్లాలి. అక్కడుండే పది రోజుల్లోనే ఆ తర్వాతి మెట్టు, పీఈ సివిల్ స్ట్రక్చరల్ పరీక్ష రాసేద్దామని ఉంది. చేతిలో ఆరు నెలలున్నాయి.

పుస్తకాల దగ్గరే ఆగిపోయినా. నా దగ్గర ఇప్పటికే ఉన్నవి: ఒక స్నేహితుడు వదిలేసిపోయిన వెయ్యి పేజీలు దాటిన లావు రెఫరెన్స్ పుస్తకం ఒకటి, నలభై జీబీ మెటీరియల్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి. ఇవి కాక హైదరాబాద్‌లో ఒకాయన తన పాత సెట్టు మొత్తం పద్దెనిమిది వేలకు ఇస్తానంటున్నాడు. ప్రతి పేజీకి రంగురంగుల ట్యాబులు అంటించి ఉన్నాయంట. ఇంకోపక్క ఆన్‌లైన్ క్లాసులవాళ్లు డాలర్లలో చెప్పే ఫీజు వింటేనే భయమేస్తోంది.

ఏది కొనాలి, ఏది చదవాలి? వారం నుంచి చదివింది లేదు, జాబితాలు రాసుకోవడంతోనే సరిపోతోంది.

కేసీకాలువ (కర్నూలు)
ఆదివారం, రాత్రి 10:41

నలభై జీబీ దించుకున్నోళ్లను చానామందిని చూసినా. చదివినోణ్ణి మాత్రం ఒక్కణ్ణీ చూడలేదబ్బా.

ప్రొద్దుటూరోడు (డాలస్)
సోమవారం, ఉదయం 6:15

తమ్ముడూ, పుస్తకాల మాట తర్వాత. ముందు పరీక్ష ఎట్లా ఉంటుందో మనసులో పెట్టుకో. అది తెలిస్తే సగం పుస్తకాలు వాటంతటవే పక్కకు పోతాయి.

2021 దాకా ఇది కాగితం మీద రాసే పరీక్ష. పుస్తకాలు చూసుకుంటూ రాయొచ్చు. జనం చక్రాల సూట్‌కేసుల్లో పుస్తకాలు నింపుకొని లాక్కొచ్చేవాళ్లు. ట్యాబుల సంగతి అప్పటిదే. 2022 నుంచి కంప్యూటర్ మీదికి వచ్చింది. ఇప్పుడు నువ్వు లోపలికి ఒక్క చిత్తు కాగితం కూడా తీసుకుపోలేవు. పరీక్ష పెట్టే ఎన్‌సీఈఈఎస్ వాళ్ల హ్యాండ్‌బుక్కూ, డిజైన్ కోడ్లూ (నియమాల పుస్తకాలు) తెర మీదే పీడీఎఫ్‌లుగా కనిపిస్తాయి. లెక్కలు చేసుకోవడానికి చెరిపి రాసుకునే పుస్తకం, మార్కర్ వాళ్లే ఇస్తారు.

80 ప్రశ్నలు, 8 గంటలు. ప్రశ్నకు 6 నిమిషాలు. మధ్యలో 50 నిమిషాల విరామం. విరామానికి వెళ్లాక మొదటి భాగంలోని ప్రశ్నలకు మళ్లీ పోలేవు. పాత పద్ధతిలో పొద్దున సగం సివిల్ మొత్తం మీద సాధారణ ప్రశ్నలుండేవి, రోడ్లూ నీళ్లూ అన్నీ. 2024 ఏప్రిల్ నుంచి అది తీసేశారు. ఇప్పుడు మొత్తం మన సబ్జెక్టే.

ఇప్పుడు చెప్పు, ఆ హైదరాబాద్ ఆయన ట్యాబులు నువ్వు దేనికి అంటిస్తావు, తెరకా?

బండలమిద్దె (కడప)
సోమవారం, ఉదయం 8:02

అన్నా, పద్దెనిమిది వేలు మిగిలినట్టే.

మరి కోడ్లు తెర మీద ఇస్తారు కదా, అవి కొనకపోయినా పర్వాలేదా?

రెండోసారి (హ్యూస్టన్, సొంతూరు అనంతపురం)
సోమవారం, రాత్రి 9:30

నా పేరు చూస్తేనే తెలుస్తుంది, మొదటిసారి పోయింది. ఎందుకు పోయిందో చెప్తాను, నీకు పనికొస్తుంది.

నేనూ అట్లాంటి సెట్టే కొన్నాను. అమ్మినాయన మంచివాడే, పాపం, ఆయన కాలానికి అవి సరైన పుస్తకాలే. కానీ అందులో గాలి లెక్కలన్నీ భారాల కోడ్ ఏఎస్‌సీఈ 7కు 2005 ఎడిషన్, అంటే 7-05 నాటివి. ఆ రోజుల్లో గాలి వేగం తక్కువగా తీసుకుని, చివర్లో 1.6తో గుణించేవాళ్లు. 7-10 నుంచి మ్యాపుల్లోనే పెద్ద వేగాలిచ్చి, గుణకాన్ని 1.0 చేశారు. నాకు రెండూ కలిసిపోయాయి. కొత్త మ్యాపు వేగం తీసుకుని పాత 1.6 పెట్టేదాన్ని. ఇంటి దగ్గర చేసినప్పుడు ఎవరూ తప్పని చెప్పలేదు, ఎందుకంటే పుస్తకంలోని జవాబు పుస్తకంలోని ప్రశ్నకు సరిపోతుంది కదా!

కాంక్రీటులోనూ అంతే. కాంక్రీటు కోడ్ ఏసీఐ 318-14లో షియర్‌కు (కోసే బలానికి) కాంక్రీటు వాటా లెక్క సులువు, కాంక్రీటు బలం వర్గమూలానికి రెండు రెట్లు. 318-19కి వచ్చేసరికి, కనీస స్టిర్రప్స్ (చుట్టు కడ్డీలు) లేనిచోట ఉక్కు శాతం, లోతు రెండూ సూత్రంలోకి వచ్చాయి. ఉక్కు 0.2 శాతం ఉన్న పునాది తీసుకుంటే పాత లెక్కలో వచ్చేదానికి దాదాపు సగమే వస్తుంది. పాత పుస్తకంతో చేస్తే పునాది నిలబడుతుంది, కొత్త కోడ్‌తో చేస్తే మందం చాలదు. జవాబుల్లో రెండూ ఇచ్చి ఉంటారనుకో, నువ్వు ధీమాగా తప్పుది నొక్కేస్తావు.

కాబట్టి మొదటి పని: ఎన్‌సీఈఈఎస్ వెబ్‌సైట్‌లో నీ పరీక్ష తేదీకి ఏ కోడ్, ఏ ఎడిషన్ అని రాసి ఉంటుంది. ఆ పేజీ ప్రింటు తీసి గోడకంటించు. కొత్తది కొంటే మంచిదే కదా అనుకోవద్దు. ఉక్కు కట్టడాల ఏఐఎస్‌సీ మాన్యువల్ 16వ ఎడిషన్ 2023లో వచ్చింది, ఏఎస్‌సీఈ 7-22 కూడా వచ్చేసింది. బజార్లో కొత్తది దొరికినంత మాత్రాన పరీక్షలో అదే ఉంటుందని లేదు. పాతది ఎంత ప్రమాదమో, మరీ కొత్తది కూడా అంతే.

సైటుమేస్త్రి (నంద్యాల)
సోమవారం, రాత్రి 9:52

అక్కా, పరీక్షలో ఏ ప్రశ్నలొచ్చినాయో గుర్తున్నవి ఒక నాలుగు చెప్పరాదూ?

నిర్వాహకుడు
సోమవారం, రాత్రి 10:05

ఆ ప్రశ్న ఇక్కడ వద్దు. పరీక్ష మొదట్లోనే ప్రశ్నలు బయట చెప్పనని ఒప్పుకుని లోపలికి వెళ్తారు. చెప్పినవాళ్ల ఫలితానికే ఎసరు. అట్లాగే పెన్‌డ్రైవ్ లింకులు ఎవరూ పెట్టొద్దు. ఇప్పటికే రెండు తీసేశాను.

గడియారస్తంభం (అనంతపురం)
మంగళవారం, ఉదయం 5:40

నేను పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు ఆర్‌సీసీ చెప్పి రిటైరయ్యాను. అమెరికా పరీక్ష నేను రాయలేదు. మా అమ్మాయి రాసింది, ఆ పిల్లతోపాటు నేనూ ఆ పుస్తకాలన్నీ తిరగేశాను. అందుకే చొరవ చేసి రాస్తున్నాను.

మన పిల్లలకు అక్కడి సబ్జెక్టు కష్టం కాదు నాయనా. కష్టం అలవాటుది. మన కాంక్రీటు కోడ్ ఐఎస్ 456తో చేయి తిరిగినవాడికి ఏసీఐ పెట్టుకుంటే బొటనవేలు కుడికాలి చెప్పులో, మడమ ఎడమకాలి చెప్పులో ఉన్నట్టుంటుంది. ఒకే దూలం రెండు కోడ్లతో చేసి చూపిస్తాను.

వెడల్పు 12 అంగుళాలు, పనిచేసే లోతు 20 అంగుళాలు. కింద 9వ నంబరు కడ్డీలు మూడు. అక్కడ కడ్డీ నంబరంటే అంగుళంలో ఎన్ని ఎనిమిదో వంతులో అది. 9వ నంబరు కడ్డీ వైశాల్యం ఒక చదరపు అంగుళం, కాబట్టి మొత్తం 3. ఉక్కు 60 కేఎస్ఐ (చదరపు అంగుళానికి 60 వేల పౌండ్లు), అంటే మన ఎఫ్‌ఈ 415 రకం ఉక్కుకు అటూ ఇటూగా అదే. కాంక్రీటు 4 కేఎస్ఐ.

లాగే బలం 3 × 60 = 180 కిప్‌లు (కిప్ అంటే వెయ్యి పౌండ్లు). ఒత్తిడి పొర లోతు 180 ÷ (0.85 × 4 × 12) = 4.41 అంగుళాలు. మొమెంటు 180 × (20 − 2.2), సుమారు 3203 కిప్-అంగుళాలు, అంటే 267 కిప్-అడుగులు. దాన్ని ఫై అనే తగ్గింపు గుణకం 0.9తో గుణిస్తే 240. మన యూనిట్లలో 325 కిలోన్యూటన్-మీటర్లు.

ఇప్పుడు ఐఎస్ 456. ఇక్కడే మన పిల్లలు జారిపడతారు. అమెరికావాళ్ల 4000 పీఎస్ఐ అంటే 27.6 మెగాపాస్కల్, కానీ అది సిలిండరు ఆకారపు నమూనాను నొక్కి చూసిన బలం. మనది క్యూబు. సిలిండరు క్యూబులో సుమారు 0.8 వంతు కాబట్టి మన లెక్కకు అది 34.5 అవుతుంది, అంటే ఎం35 దగ్గర. ఎం25 అనుకుంటే కొంప మునిగింది. న్యూట్రల్ యాక్సిస్ లోతు 184 మిల్లీమీటర్లు వస్తుంది, మొమెంటు 301.

ఒకే దూలం, అక్కడ 325, ఇక్కడ 301. అమెరికాది ఎక్కువ కదా అని సంబరపడొద్దు. వాళ్లు శాశ్వత భారాన్ని 1.2తో, లైవ్ లోడ్‌ను (మనుషులు, సామాను బరువు) 1.6తో పెంచితే మనం రెండిటినీ 1.5తో పెంచుతాం. వాళ్ల జాగ్రత్త ఒక జేబులో, మన జాగ్రత్త ఇంకో జేబులో. మన కోడ్ కాంక్రీటును 1.5తో, ఉక్కును 1.15తో ముందే తగ్గించేస్తుంది. వాళ్లు బలమంతా లెక్కగట్టి, చివర్లో ఒక ఫై పెడతారు.

ఇట్లాంటి లెక్కలు ఇరవై, రెండు పద్ధతుల్లోనూ, చేత్తో చేయి. ఏ పుస్తకంలోనూ ఇది దొరకదు. దొరికినా చదివితే రాదు.

బండలమిద్దె (కడప)
మంగళవారం, ఉదయం 7:15

సార్, మూడేళ్లుగా అమెరికా ప్రాజెక్టులు చేస్తున్నా, సిలిండరు, క్యూబు తేడా సాఫ్ట్‌వేరే చూసుకుంటుందని ఏనాడూ ఆలోచించలేదు. సిగ్గుగా ఉంది.

కేసీకాలువ (కర్నూలు)
మంగళవారం, ఉదయం 11:20

సిగ్గెందుకులే. నేను పదిహేనేళ్లుగా కర్నూల్లో డిజైన్లకు సంతకాలు పెడుతున్నా. మున్సిపాలిటీవాళ్లు డిగ్రీ, అనుభవం పత్రాలు చూసి లైసెన్సు ఇచ్చినారు, పరీక్ష లేదు, గిరీక్ష లేదు. పరీక్ష పెట్టుంటే నాతో సహా సగంమంది మళ్లీ భూకంప వివరాల కోడ్ ఐఎస్ 13920 తెరిచి చూసుకునేవాళ్లం. పెట్టుంటే బాగుండేదేమో కూడా.

ఒక అనుమానం. మనకు ఐఎస్ 875 మూడో భాగంలో కర్నూలుకు గాలి వేగం సెకనుకు 39 మీటర్లు. మైళ్లలో గంటకు 87. డాలస్‌కు వంద పైనే ఉంటుందని అంటారు. అక్కడ అంత గాలి కొడుతుందా?

ప్రొద్దుటూరోడు (డాలస్)
మంగళవారం, రాత్రి 8:10

కొడుతుందన్నా, సుడిగాలులు మామూలుగా ఉండవు. కానీ నీ పోలిక సరి కాదు. మన మ్యాపు యాభై ఏళ్లకోసారి వచ్చే గాలికి. వాళ్ల మ్యాపు మామూలు భవనాలకు ఏడువందల ఏళ్లకోసారి వచ్చేదానికి. రెండూ మూడు సెకన్ల ఝంఝలే, పది మీటర్ల ఎత్తులోనే, కానీ ఒకటి తర్వాత 1.5తో గుణించడానికి, ఇంకోటి గుణకం ముందే కలిపేసుకున్నది. పైన హ్యూస్టన్ 'రెండోసారి' పడిన గుంత ఇదే.

తమ్ముడూ, కోడ్లు కొనాలా అన్నావు కదా. చాలా ముఖ్యమైన సంగతి ఒకటి చెప్తా. పరీక్షలో కోడ్‌ను మొత్తంగా ఇవ్వరు, అధ్యాయాలుగా విడగొట్టి ఇస్తారు. ఒక కోడ్‌లో ఒకసారికి ఒక్క అధ్యాయమే తెరుచుకుంటుంది, వెతుకులాట కూడా ఆ అధ్యాయంలోనే పనిచేస్తుంది. 'డెవలప్‌మెంట్ లెంగ్త్' (కడ్డీకి కాంక్రీటులో పట్టు దొరకాల్సిన పొడవు) అని కొట్టి కోడ్ మొత్తం గాలించడం కుదరదు. అది ఏసీఐలో 25వ అధ్యాయమని నీకు ముందే తెలిసి ఉండాలి.

దూలాలు 9, స్తంభాలు 10, గోడలు 11, పునాదులు 13, భూకంపం వివరాలు 18, ఫై విలువలు 21, సెక్షన్ బలాలు 22. ఉక్కు కోడ్‌లో అధ్యాయాలకు అక్షరాలు: లాగే సభ్యాలు డి, నొక్కుడు ఈ, వంగుడు ఎఫ్, షియర్ జి, నొక్కుడూ వంగుడూ లాంటివి కలిసినవి హెచ్, జాయింట్లు జె. ఏఎస్‌సీఈ 7లో భారాల కలయికలు 2, లైవ్ లోడ్ 4, మంచు 7, భూకంపం 12, గాలి 26 నుంచి 30. ఎక్కాలు వచ్చినట్టు రావాలి ఇవి.

కాబట్టి కోడ్ కాగితం పుస్తకం కాదు నీకు కావలసింది. తెర మీద చదివే అలవాటు. ఏఐఎస్‌సీ స్పెసిఫికేషన్ వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉచితం. భవన నియమావళి ఐబీసీ కూడా ఆన్‌లైన్‌లో ఊరికే చదువుకోవచ్చు. మీ కంపెనీకి మిగతావాటి లైసెన్సులు ఉండనే ఉంటాయి, అడుగు. హ్యాండ్‌బుక్ అయితే ఎన్‌సీఈఈఎస్ ఖాతా ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు.

పెన్నాతీరం (ప్రొద్దుటూరు)
మంగళవారం, రాత్రి 8:45

గేట్ సివిల్‌కు ఏ మెటీరియల్ మంచిదో ఎవరైనా చెప్పండి ప్లీజ్. ఐఎస్ కోడ్లు యాడ దొరుకుతాయి?

గడియారస్తంభం (అనంతపురం)
బుధవారం, ఉదయం 5:30

దీనికి వేరే చర్చ మొదలుపెట్టు బాబూ, అక్కడ వివరంగా రాస్తాను. ప్రస్తుతానికి ఐఎస్ కోడ్లు బీఐఎస్ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే ఉచితంగానే దించుకోవచ్చు. జిరాక్సు సెంటర్లో మసకబారిన కాపీలకు డబ్బులు పోయొద్దు. పాఠాలకు ఐఐటీవాళ్ల ఉచిత వీడియోలు, ఎన్‌పీటీఈఎల్ ఉంది.

ఒక్క తేడా మాత్రం ఇక్కడే చెప్తాను, ఈ చర్చకూ పనికొస్తుంది. గేట్‌లో ఆప్షన్ల ప్రశ్న తప్పితే మార్కులో మూడో వంతు పోతుంది. అమెరికా పరీక్షలో తప్పుకు కోత లేదు. మన పిల్లలకు గేట్ భయం ఎముకల్లో ఉంటుంది, తెలియకపోతే వదిలేస్తారు. అక్కడ ఒక్కటీ ఖాళీగా వదలకూడదు.

బండలమిద్దె (కడప)
బుధవారం, రాత్రి 11:05

ఇవాళ నా దగ్గరున్న లావు పుస్తకం ముందు మాట చూశాను. 318-11 ప్రకారం రాసిందంట! 318-14లో అధ్యాయాల వరసే పూర్తిగా మార్చేశారు కదా. అంటే అన్న చెప్పిన ఎక్కాలు ఈ పుస్తకంలో పనిచేయవు. పక్కన పెట్టేశాను.

ఇంకో బాధ. నేను చేసేవన్నీ ఆర్‌సీసీ, ఉక్కు భవనాలు. చెక్క, ఇటుక కట్టడాల లెక్కలు ఎప్పుడూ ముట్టుకోలేదు. మంచు భారం సంగతైతే చెప్పనే వద్దు. బయట 43 డిగ్రీలు, కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది, నేను చొక్కా విప్పి కూర్చుని కప్పు మీద మంచు ఎంత పేరుకుంటుందో లెక్కేస్తున్నా. మా అమ్మ చూసి, నీకేమన్నా ఎండదెబ్బ తగిలిందా అని మజ్జిగ తెచ్చిచ్చింది.

రెండోసారి (హ్యూస్టన్, సొంతూరు అనంతపురం)
గురువారం, ఉదయం 6:50

నవ్వలేక చచ్చాను. మంచు సులువే. నేలమీది మంచు భారాన్ని 0.7తోనూ, ఇంకో మూడు గుణకాలతోనూ గుణించడమే, పల్లపు కప్పు మీదికి ఎగిరిపడి పేరుకునే కుప్ప ఒక్కటే కాస్త తిప్పలు. రెండు సాయంత్రాలు.

చెక్కే అసలు పని. మనవాళ్లంతా దాన్ని చివరికి తోసేసి, ఆఖర్న వదిలేస్తారు. నేనూ వదిలేశాను. నిజానికి అందులో సిద్ధాంతం తక్కువ, గుణకాలు ఎక్కువ. చెక్క బలానికి ఒక మూల విలువ ఉంటుంది. భారం ఎంతకాలం నిలుస్తుందో దాన్నిబట్టి పెంచుకోవచ్చు: లైవ్ లోడ్‌కు 1.0, మంచుకు 1.15, గాలికీ భూకంపానికీ 1.6. తడికి ఒకటి, వేడికి ఒకటి, సైజుకు ఒకటి. టూ బై ఫోర్ అంటే రెండంగుళాలూ నాలుగంగుళాలూ కాదు, ఒకటిన్నర, మూడున్నర. ఇటుకలోనూ అంతే, ఎనిమిదంగుళాల దిమ్మె అసలు కొలత 7 పైన అయిదు ఎనిమిదో వంతులు. ఇవి తెలియకపోతే సూత్రం వచ్చినా జవాబు రాదు.

నీకు ఇప్పటికే వచ్చిన ఆర్‌సీసీ మళ్లీ మళ్లీ చదివితే హాయిగా ఉంటుంది, మార్కులు మాత్రం పెరగవు. నేను కొన్నవాటిల్లో పనికొచ్చినవి రెండే. ఎన్‌సీఈఈఎస్ వాళ్ల 80 ప్రశ్నల నమూనా పరీక్ష ఒకటి. చెక్కకూ ఇటుకకూ సమస్యలు చేయించే సన్నపుస్తకం ఒకటి. మొదటిసారికి కొన్న పదకొండు పుస్తకాల్లో తొమ్మిది అట్టపెట్టెలో ఉన్నాయి.

కేసీకాలువ (కర్నూలు)
గురువారం, మధ్యాహ్నం 1:15

మరి ఆ ఆన్‌లైన్ క్లాసుల సంగతేంది? డబ్బులు పెట్టొచ్చా?

ప్రొద్దుటూరోడు (డాలస్)
గురువారం, రాత్రి 9:00

ఈ విషయంలో నాకూ హ్యూస్టన్ 'రెండోసారి'కీ పడదు. నేను తీసుకున్నా, నాకు పనికొచ్చింది. ఇంటికొచ్చేసరికి ఒళ్లు హూనం, ఎవరో ఒకరు శనివారం ఎనిమిదింటికి కూర్చోమంటే తప్ప కూర్చునేవాణ్ణి కాదు. పాఠాలకు కాదు డబ్బు కట్టింది, భయానికి.

రెండోసారి (హ్యూస్టన్, సొంతూరు అనంతపురం)
గురువారం, రాత్రి 9:20

నేను కట్టింది వేరే సంస్థకు. ఆరు నెలలకే వీడియోలు మూసుకుపోయాయి, నా పరీక్ష ఏడో నెలలో. పొడిగించాలంటే మళ్లీ కట్టమన్నారు. బండలమిద్దెకు ఇంకో చిక్కు, వాళ్ల ప్రత్యక్ష క్లాసు మనకు తెల్లవారుజామున పడుతుంది. పగలు ఉద్యోగం, రాత్రి మీటింగులు, తెల్లారి క్లాసు, మనిషి మిగలడు. నా మాటైతే, ముందు నమూనా పరీక్షలోంచి నలభై ప్రశ్నలు గడియారం పెట్టుకుని చేయి. సగం కూడా రాకపోతే అప్పుడు క్లాసు సంగతి ఆలోచించు.

గడియారస్తంభం (అనంతపురం)
శుక్రవారం, ఉదయం 5:45

నాకు ఆ నలభై నచ్చలేదమ్మా. నమూనా పరీక్ష ఒక్కటే ఉంది, దాన్ని మొదట్లోనే సగం కొరికేస్తే చివర్లో తనను తాను కొలుచుకోవడానికి ఏముంటుంది? పది ప్రశ్నలు చూసి, మిగతా డెబ్బై దాచిపెట్టుకోమనండి.

రెండోసారి (హ్యూస్టన్, సొంతూరు అనంతపురం)
శుక్రవారం, ఉదయం 7:10

సార్, ఇది మీరన్నదే సరి. పదే చాలు.

సైటుమేస్త్రి (నంద్యాల)
శుక్రవారం, ఉదయం 10:30

పాసైతే కడపలో కూర్చుని అమెరికా బిల్డింగులకు సీలు వేయొచ్చా అన్నా?

ప్రొద్దుటూరోడు (డాలస్)
శుక్రవారం, రాత్రి 8:30

లేదు. పరీక్ష ఒక మెట్టు మాత్రమే. లైసెన్సు ఇచ్చేది ఆయా రాష్ట్రం బోర్డు. అనుభవం, పూచీ ఇచ్చేవాళ్లు, మన డిగ్రీ మదింపు, ఇవన్నీ చూసి ఇస్తారు. ఇల్లినాయ్ లాంటిచోట స్ట్రక్చరల్‌కు వేరే లైసెన్సే ఉంది, దానికి ఎస్‌ఈ అనే ఇంకో పరీక్ష. అది 2024 నుంచి నాలుగు ముక్కలు: నిలువు భారాలకు రెండు, అడ్డ భారాలకు (గాలి, భూకంపం) రెండు. పీఈ పుస్తకాలతో ఎస్‌ఈ కూడా గట్టెక్కేద్దామని కొనేవాళ్లున్నారు. వద్దు. ఒక పరీక్షకు ఒక మెటీరియల్.

బండలమిద్దె (కడప)
నెల తర్వాత, శనివారం, రాత్రి 9:40

నెల రోజుల లెక్క చెప్తున్నా.

కొన్నవి రెండే: నమూనా పరీక్ష, చెక్క-ఇటుక సమస్యల పుస్తకం. కంపెనీవాళ్లు కోడ్లు ఇచ్చారు. నేను చేసిన ఒక పని పనికొచ్చింది: కోడ్ పీడీఎఫ్‌లను అధ్యాయాలుగా ముక్కలు చేసి, ఒక్కోటి వేరే ఫైలుగా పెట్టుకున్నా. ఒకసారికి ఒకటే తెరవాలని నియమం. మొదటి వారం నరకం. ఇప్పుడు చెయ్యి తనంతటదే 25కో, జె కో పోతోంది.

యూనిట్లు ఒంటికి పట్టడానికి మా ఇంటినే అమెరికా పద్ధతిలో లెక్కగట్టాను. మిద్దె మీద కడప బండ పరిచి ఉంది, 40 మిల్లీమీటర్ల మందం. ఘనమీటరుకు 26 కిలోన్యూటన్లు అనుకుంటే చదరపు మీటరుకు 1.04. అంటే చదరపు అడుగుకు దాదాపు 22 పౌండ్లు. ఇప్పుడు 22 పీఎస్ఎఫ్ అంటే నాకు అంకె కాదు, మా మిద్దె మీది బండ. మా షెడ్డులో ఐఎస్ఎంబీ 450 ఉక్కు దూలం ఉంది, మీటరుకు 72.4 కిలోలు. దాదాపు అంతే లోతున్న అమెరికా దూలం డబ్ల్యూ 18×35 మీటరుకు 52 కిలోలే! పేరులోనే ఉంది, సుమారు 18 అంగుళాల లోతు, అడుగుకు 35 పౌండ్లు.

ఆదివారాలు బ్రౌన్ గ్రంథాలయంలో కూర్చుంటున్నా. ఇంట్లో అయితే చుట్టాలు.

కేసీకాలువ (కర్నూలు)
నెల తర్వాత, శనివారం, రాత్రి 10:02

క్యాలిక్యులేటరు ఏది వాడుతున్నావు? మనది అక్కడ రానిస్తారా?

బండలమిద్దె (కడప)
నెల తర్వాత, శనివారం, రాత్రి 10:10

పేరులో ఎఫ్‌ఎక్స్-991 ఉన్న క్యాసియో ఏదైనా రానిస్తారు అన్నా. ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఏడురోడ్ల దగ్గర కొన్నదే. మీద సున్నా బటన్ అరిగిపోయింది. కొత్తది కొంటే వేళ్లు తడబడతాయని అదే ఉంచుకున్నా, బ్యాటరీ మాత్రం మార్పించాను.

గడియారస్తంభం (అనంతపురం)
నెల తర్వాత, ఆదివారం, ఉదయం 5:35

షెడ్డులోని దూలాన్ని లెక్కగట్టడం బాగుంది. ఇన్నేళ్లూ పిల్లలకు నేను చేయించని పని అది.

బండలమిద్దె (డాలస్ నుంచి)
డిసెంబరు, గురువారం, ఉదయం 7:00

పాసయ్యాను. నిన్న బుధవారం ఫలితం వచ్చింది.

దాచిపెట్టుకున్న డెబ్బై ప్రశ్నలు అక్టోబరు ఆఖర్న గ్రంథాలయంలో ఒకే రోజు చేశాను, 49 వచ్చాయి. అప్పుడు కూడా పోయినవాటిల్లో సగం చెక్కే. చివరి మూడు వారాలు దాని మీదే కూర్చున్నా. పరీక్షలో ఏమొచ్చిందని అడగొద్దు, చెప్పను. సార్‌కు ఫోను చేసి చెప్పాను. రెండోసారి అక్కకు అన్న ఇంట్లో భోజనం బాకీ.

లావు పుస్తకం మాత్రం వృథా పోలేదు. మా అమ్మ ఊరగాయ జాడీ మీద బరువు పెట్టింది.

సైటుమేస్త్రి (నంద్యాల)
డిసెంబరు, గురువారం, ఉదయం 9:25

అభినందనలు అన్నా! నేనూ ఎఫ్‌ఈ అయిపోయినా. మీ రెండు పుస్తకాలు, ముక్కలు చేసిన ఆ ఫైళ్లు నాకు అమ్మేస్తారా? ఎంతైనా ఇస్తా.

బండలమిద్దె (డాలస్ నుంచి)
డిసెంబరు, గురువారం, ఉదయం 9:40

ఫైళ్లు కంపెనీవి తమ్ముడూ, అవి కుదరవు. పుస్తకాలు ఊరికే ఇస్తాలే. కానీ నీ పరీక్ష ఏ నెలలో? అది చెప్పు ముందు.